లవంగం వాసన వేసిన ఆకు

పెద్దక్క చెయ్యి మొక్క మొదలు మీద పడింది, ఒక్క గుంజు గుంజితే వేళ్ళతో సహా పైకొచ్చేస్తుంది అన్న దగ్గర పోయినవారం ఊపిరి బిగబట్టుకుని విడిపోయాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, మళ్ళీ ఆ చేతి దగ్గరికే వద్దాం.

ఆ మొక్కల పరిశోధన కేంద్రంలో పెద్దక్క అంటే అందరికీ హడలు. కొత్త రకాలు తీయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. కొందరు బేసిల్ అనీ కొందరు సబ్జా అనీ పిలిచే మొక్కలో, ఏళ్ళ తరబడి ఏరిందే ఏరి, నాటిందే నాటి, ఆవిడ ఒక రకాన్ని నిలబెట్టింది. దానికి పూలరెక్క అని పేరు పెట్టుకుంది. ఆకు నలిపితే ఆకు వాసన రాదు, అప్పుడే విచ్చుకున్న పూల గుత్తిని మొహానికి ఆనించుకున్నట్టుంటుంది. ఈ రకానికి గుర్తింపు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఇవాళ మధ్యాహ్నం కమిటీ వస్తోంది. సరిగ్గా ఇవాళే, పూలరెక్క వరసలో ఒక మొక్క లవంగం వాసన వేస్తోందని పెద్దక్క మరదలు కనిపెట్టింది.

మరదలంటే తమ్ముడి పెళ్ళాం, అందరూ ఉండేది ఒకే ఇంట్లో. అదే కేంద్రంలో ఎంజైముల గదిలో పని. కనపడ్డ ప్రతిదానికీ ముందు ముక్కు ఆనించి ఆ తర్వాత కళ్ళతో చూసే అలవాటు వల్ల అందరూ ఆమెను ముక్కుపుడక అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు పుడక అని సరిపెడతారు. ఆమె మొగుడు పళ్ళ డాక్టరు. పిప్పి పళ్ళకు వాడే లవంగనూనె వాసన అతని తెల్లకోటుకు ఎంత ఉతికినా వదలదు. పెద్దక్క ఆ కొస పట్టుకుంది.

"ఆ వాసన మొక్కది కాదమ్మాయ్, నా తమ్ముడి కోటుది. పొద్దున్నే దాన్ని మడతపెట్టి ఆ చేతులతోనే ఇక్కడికొచ్చావు. నీ చేతి వాసన నా మొక్కకి అంటగట్టకు," అని మొక్క మీద చెయ్యి వేసింది.

అదీ కథ. ఇక చూడండి.

"వదినా, ఆగండి!" అంటూ పుడక ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో వదిన చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి. పట్టుకున్నాక తనకే భయం వేసింది. అయినా వదల్లేదు.

"వదులు."

"ఒక్క మాట విని, తర్వాత మీ ఇష్టం. వాసన మా ఆయన కోటుదే అనుకుందాం. మరి మొక్కని పీకడం ఎందుకు? కోటు పోతే దాని వాసనా పోతుంది కదా. కోటునీ నన్నూ బయటికి తోలేస్తే సరిపోదూ?"

గ్రీన్‌హౌస్‌లో గాలిపంకాలు గిర్రున తిరుగుతున్నాయి. ఎప్పుడూ మాట నోట్లో ఉండగానే జవాబు విసిరే మనిషి ఒక్క క్షణం తడుముకుంది. పుడకకి అది వింతగా అనిపించింది గానీ, ఆలోచించే తీరిక లేదు.

"అనుమానం ఉన్న మొక్కని నేను వరసలో ఉంచను," అంది చివరికి పెద్దక్క. "కమిటీవాళ్ళు విత్తనం కలిసిపోయిందంటారు. పక్క మొక్క పుప్పొడి పడుతుంటే కళ్ళు మూసుకుందంటారు. నా పేరు బురదలో కలవడానికి ఈ ఒక్క మొక్క చాలు."

"అయితే తేల్చేద్దాం. లవంగం వాసన పుట్టించే ఎంజైము ఈ ఆకులో ఉందో లేదో, వాళ్ళొచ్చేలోపే ట్యూబులో పెట్టి చూపిస్తాను. లేదంటే నేనే పీకి మీ చేతిలో పెడతాను."

"ఉంటేనో?"

"ఉంటే ఈ మొక్కకి ఒక తొట్టి, ఒక మూల, మీ దయ. అంతే."

పెద్దక్క పెదవి విరిచింది. కానీ చెయ్యి వెనక్కి తీసింది.

"ఆకులు మాత్రం మీరే కొయ్యాలి వదినా. నా చెయ్యి సోకిందన్న మాట రాకూడదు."

పెద్దక్క లేత ఆకులు తుంచి గిన్నెలో వేసింది. పక్కనున్న మామూలు పూలరెక్క మొక్క నుంచి ఇంకో గిన్నెలోకి కోసింది. పుడక తన కోటు విప్పి బయట కొక్కేనికి తగిలించి, స్టోరు నుంచి సీలు విప్పని కోటు తెప్పించుకుని, మోచేతుల దాకా చేతులు తోముకుంది. ఆపరేషనుకి వెళ్ళే డాక్టరు కూడా అంత తోముకోడేమో!

ఎంజైముల గది చిన్నది. కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్ల నిండా మంచుముక్కలు పోసిన డబ్బాలు, మూలన గిరగిర తిరిగే యంత్రం. పెద్దక్క స్టూలు లాక్కుని, పరీక్షహాల్లో కాపలా ఉన్న మాస్టారిలా చేతులు కట్టుకుని కూర్చుంది.

ఇక్కడ పాఠకులకి ఒక్క మాట చెప్పాలి. ఈ మొక్క ఆకుని భూతద్దం కింద పెడితే, పైన మెరిసే సన్నటి నూనె బుడిపెలు కనపడతాయి. వాసనంతా వాటిలోనే తయారవుతుంది. తయారుచేసేవి ఎంజైములు. ఒక పదార్థాన్ని పట్టుకుని ఇంకోటిగా మార్చేయడం వాటి పని. "మా ఆఫీసు గుమస్తాల్లాంటివి, ఒకడి ఫైలు ఇంకొకడు ముట్టడు," అంటుంది పుడక. ఒకటి పూల వాసన చేస్తుంది, ఇంకోటి నిమ్మ వాసన చేస్తుంది, మరోటి లవంగం వాసన చేస్తుంది. ఏ గుమస్తా సెలవులో ఉంటే ఆ వాసన ఉండదు. అందుకే ఒకే జాతి మొక్కల్లో ఒకటి సోంపులా, ఒకటి నిమ్మలా, ఒకటి పూలలా ఘుమఘుమలాడుతుంది. లవంగం ఎంజైము చేసేది నిజానికి చిన్నపనే. దాదాపు వాసన లేని ఒక పదార్థానికి తోకలా అంటుకున్న ముక్కని ఊడబెరుకుతుంది. ఆ తోక ఊడిందా, మిగిలింది లవంగం ఘాటు.

పుడక ఆకుల్ని చల్లటి నీళ్ళలో గాజుపూసలతో కలిపి గలగలా ఊపింది. బుడిపెలు ఊడి నీళ్ళలోకి వచ్చాయి. సన్నటి జల్లెడ గుడ్డలో వడకట్టి, మంచులోనే నూరి, యంత్రంలో తిప్పి, పైన తేరిన నీటిని తీసింది. ఆ నీళ్ళలోనే ఎంజైములు ఉంటాయి. చేతులు పనిచేస్తున్నా నోరు ఆగడం లేదు.

"మూడు ట్యూబులు వదినా. మూడిట్లోనూ తోకున్న పదార్థమే వేస్తాను. మొదటిదాంట్లో అనుమానం మొక్క ఎంజైము. రెండోదాంట్లోనూ అదే, కానీ ముందే మరిగించేస్తాను. మరిగితే ఎంజైము చచ్చిపోతుంది, పని చెయ్యలేదు. మూడోదాంట్లో మీ మామూలు పూలరెక్కది. కోటు వాసనే అయితే మూడిట్లోనూ ఒకేలా ఉండాలి. మొక్కే చేస్తుంటే మొదటిదాంట్లో మాత్రమే ఉండాలి. ఒప్పుకున్నట్టేనా?"

"నాకు పాఠం చెప్పకు. నువ్వు పలక పట్టుకున్నప్పుడే నేను మొక్కలు అంటు కట్టాను."

"అంటే ఒప్పుకున్నట్టే."

పెద్దక్క మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు దాచుకుందో కోపం దాచుకుందో తెలియలేదు.

ట్యూబులు గోరువెచ్చటి నీళ్ళలో కూర్చున్నాయి. అంతలో పుడక ఫోను మోగింది. పళ్ళ డాక్టరు.

"ఏమోయ్, నా రెండో కోటు కనపడ్డం లేదు. ఇక్కడ పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు."

"మీ కోటు పేరెత్తకండి! ఇవాళ నా కాపురం దాని మీదే ఆధారపడి ఉంది."

"అదేంటే?"

"ఇంటికొచ్చాక చెప్తాను. పేషెంటుని నోరు మూసుకోమనండి," అని పెట్టేసింది. ఈసారి పెద్దక్కకి నిజంగానే నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి పుడకకి కొండంత ధైర్యం వచ్చింది.

మూడు ట్యూబుల్లోంచీ ఒక్కో చుక్క తీసుకుని ఇద్దరూ పక్కగదికి వెళ్ళారు. అక్కడ వాసనల్ని విడదీసి గీతలు గీసే యంత్రం ఉంది. దాన్ని నడిపే ఆయనకి శిఖరంగారని పేరు. తెర మీద గీత ఎక్కడ పైకి లేచినా "శిఖరం! శిఖరం!" అని కేకలు పెడతారు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ముందు అసలు లవంగనూనె చుక్క వేసి, దాని శిఖరం ఎక్కడ లేస్తుందో తెర మీద గుర్తు పెట్టారు.

"ఇప్పుడు మరిగించింది వెయ్యండి," అంది పెద్దక్క. మొదటిది ముందు వేయనివ్వలేదు. పంతం ఎక్కడికి పోతుంది!

గీత నేల మీద పాకినట్టు పాకింది. గుర్తు దగ్గరికి వచ్చింది. గుర్తు దాటింది. ఎక్కడా లేవలేదు.

"ఖాళీ," అన్నారు శిఖరంగారు దిగులుగా. శిఖరం లేకపోతే ఆయనకి అన్నం సహించదు.

"మామూలు పూలరెక్కది."

అదీ అంతే. పాకుతూ వచ్చి పాకుతూ పోయింది.

"ఇక మొదటిది," అంది పుడక. ఇది కూడా ఖాళీగా పోతే? మొక్క పోవడం సరే, వదిన ముందు ఇక జన్మలో తలెత్తుకోలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా ఈ సంగతే తవ్వి తీస్తారు. కళ్ళు మూసుకుందామనుకుంది గానీ రెప్పలు మాట వినలేదు.

గీత బయల్దేరింది. పాకింది. గుర్తుకి ఇవతల కొంచెం వణికింది. ఆపైన, ఎవరో కింద నుంచి వేలుతో పొడిచినట్టు, నిట్టనిలువుగా లేచి తెర పైఅంచుని తాకింది.

"శిఖరం!" అని శిఖరంగారు కుర్చీలోంచి ఎగిరారు. "శిఖరం కాదమ్మా, కొండ! సరిగ్గా గుర్తు మీదే! వెంట్రుకవాసి తేడా లేదు!"

పుడక అరిచిందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఒళ్ళంతా ఝల్లుమంది. ఆ ఆకులో కంటికి కనపడని ఒక పనివాడు ఉన్నాడు. ఇప్పుడే, ఇక్కడే, వాడి పనితనం తెర మీద నిలువెత్తున నిలబడింది. ఆమె వెళ్ళి వదినని గట్టిగా వాటేసుకుంది. పెద్దక్క బిగుసుకుపోయి, తర్వాత మెల్లగా వీపు మీద చెయ్యి వేసింది.

"సరే సరే. నువ్వే గెలిచావు. చీర నలిగిపోతోంది, వదులు."

శిఖరంగారు ఈ వార్త డైరెక్టరు గదిలో చెప్పొస్తానంటూ చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తారు. పుడక పెద్దక్క చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎంజైముల గదికి లాక్కొచ్చింది.

"తెర మీద చూడ్డం కాదు వదినా. మీ ముక్కుతో చూడండి. ఈ పాటికి ట్యూబులో ఘాటు ఇంకా పెరిగుంటుంది," అంటూ స్టాండులోంచి ఒక ట్యూబు లాగి, మూత తీసి, ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.

పెద్దక్క కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చింది. తల ఊపింది.

"అబ్బ! లవంగమే. నషాళానికి అంటుతోంది."

పుడక పకపకా నవ్వి, తనూ చూద్దామని ట్యూబుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

వాసన లేదు.

మళ్ళీ పీల్చింది. ఉడికిన ఆకునీళ్ళ వాసన లీలగా తగిలింది, అంతే. ట్యూబు తిప్పి చూసింది. తొందరలో తను తీసింది మరిగించిన ట్యూబు. చచ్చిన ఎంజైము ఉన్నది. యంత్రం ఖాళీ అని చెప్పినది.

నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

ఇన్నాళ్ళుగా చూసినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆకు నలిపి "ఎలా ఉంది?" అని ఎప్పుడూ ఎదుటివాళ్ళనే అడిగే వదిన. ఆమధ్య ఇంట్లో పాలు మాడి గదంతా కమురు కంపు కొడుతుంటే, స్టవ్ పక్కనే నిలబడి తాపీగా ఫోనులో మాట్లాడుతున్న వదిన. అత్తయ్య మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చి మంట ఆపింది. అప్పుడు పరధ్యానం అనుకున్నారు అందరూ.

"వదినా," అంది పుడక చాలా మెల్లగా. "ఈ ట్యూబులో ఏ వాసనా లేదు."

పెద్దక్క మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది. గద్దిస్తుందనుకుంది పుడక. గద్దించలేదు. స్టూలు కోసం చేత్తో తడుముకుని కూలబడింది.

"కావాలనే ఇచ్చావా?"

"ఒట్టు, కాదు. సంబరంలో చెయ్యి తప్పింది."

బయట వరండాలో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు, కమిటీ కోసం.

"పోయిన చలికాలం జ్వరం వచ్చింది చూడు," అంది పెద్దక్క చివరికి, బల్లని చూస్తూ. "జ్వరం పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోయింది. వస్తుందిలే అనుకున్నా. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. పట్టాను. రాలేదు. సబ్బు వాసన లేదు, వాన వాసన లేదు. నా పూలరెక్క ఆకు నలిపితే పచ్చకాగితం నలిపినట్టే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా ఏరారు?"

"శిఖరంగారి గీతలు చూసి. మీ మొహాలు చూసి. నీ మొహమైతే మరీ సులువు. మంచి ఆకు నలిపితే నీ ముక్కు కంటే ముందు కనుబొమలు లేస్తాయి."

పుడక ఆవిడ పక్కకి జరిగింది. "ఇంట్లో ఎవరికీ..."

"ఎవరికీ చెప్పలేదు. వాసనలు ఏరడమే నా బతుకు. ఆ ముక్కే పోయిందంటే ఇంక నేనెవర్ని?" ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పొద్దున నువ్వు లవంగం అనగానే నా పైప్రాణాలు పైనే పోయాయమ్మాయ్. నాకు తెలియకుండా ఏదో పుప్పొడి పడిపోయింది, ముక్కుంటే పట్టేదాన్ని, పట్టలేకపోయాను అనుకున్నా. ఇంకా ఎన్ని మొక్కలు అలా పాడయ్యాయో అనుకున్నా. కనీసం దొరికినదాన్ని పీకేద్దామని..."

"అయ్యో వదినా!" పుడక ఒక్క దూకులో కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. "కలవలేదు! అసలేమీ కలవలేదు! మీ భయం అదని ముందే చెప్పి ఉంటే ఇదే ముందు తీసి చూపించేదాన్ని! ఇలా రండి!"

తెర మీద రెండు పొడుగాటి వరసలు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. రెండు మొక్కల్లోనూ ఆ లవంగం ఎంజైము ఎలా కూర్చబడి ఉందో చూపించే వరసలు అవి. కమిటీ కోసమని ప్రతి మొక్క జన్యువుల్నీ కేంద్రంలో ముందే చదివించి పెట్టారు.

"ఎంజైముని పూసల దండ అనుకోండి. పైది మీ మామూలు పూలరెక్క. కిందది ఆ మొక్క. లవంగం ఎంజైము రెండిట్లోనూ ఉంది! కానీ మీ పూలరెక్కలో ఒక పూస తప్పు పూస. ఆ పూస వల్ల దండ సరిగ్గా ముడుచుకోదు, తోకని పట్టుకోలేదు. జీతం తీసుకుంటూ కుర్చీలో కునుకు తీసే గుమస్తాలా ఉండిపోయింది. ఈ మొక్కలో ఆ ఒక్క పూస మారింది. గుమస్తా లేచి పనిలో దిగాడు!"

"మిగతావి?"

"మిగతా దండంతా ఒకటే. అంతేకాదు, ఈ మొక్కలో ఎక్కడ వెతికి చూసినా మీ పూలరెక్క గుర్తులే. బయట పుప్పొడి పడితే అడుగడుగునా తేడాలుండాలి కదా? లేవు. ఇది మీ పూలరెక్క కడుపున పుట్టిన బిడ్డే వదినా. పూల వాసన కూడా పోలేదు దీనికి. పూలూ లవంగమూ రెండూ కలిసి... నేను చెప్పలేను, అలాంటి వాసన నేను పుట్టాక చూడలేదు!"

పెద్దక్క తెరకి మొహం ఆనించేంత దగ్గరగా వెళ్ళింది. వేలు పెట్టి ఆ పూస ఉన్న చోటు తాకింది.

"ఒక్క పూసేనా?"

"ఒక్కటే."

"నేను దేన్నీ పాడుచెయ్యలేదు?"

"మీ చేతుల్లో అది పుట్టింది!"

ఆవిడ నవ్వింది, అంతలోనే కళ్ళు తుడుచుకుంది, ఆ వెంటనే పెద్దక్క అయిపోయింది. "మరి ఇక్కడ కూర్చుని కబుర్లేంటి? ఒకే మొక్క కదా ఉంది! ఎలకో పురుగో ముట్టుకుంటే? ఆ కత్తెర ఇవ్వు. కొమ్మలు కత్తిరించి నీళ్ళలో పెట్టాలి, వేళ్ళు వేస్తాయి. పూగుత్తికి సంచి కట్టాలి, వేరే పుప్పొడి సోకకుండా విత్తనం పట్టాలి. కదులు!"

ఇద్దరూ కొంగులు దోపుకుని గ్రీన్‌హౌస్‌కి పరుగుతీశారు. పొద్దున ఆ మొక్క మొదలు పట్టుకున్న చెయ్యే ఇప్పుడు పసిపిల్ల జుట్టు సవరించినంత మెల్లగా కొమ్మలు తుంచుతుంటే, పుడక సీసాల్లో నీళ్ళు పోసి అందించింది. కత్తిరించిన ప్రతి కొమ్మా గుప్పుమంటోంది.

"ఎలా ఉందో చెప్పు," అంది పెద్దక్క. ఈసారి దాచకుండా అడిగింది.

పుడక చెప్పింది. తెలిసిన మాటలన్నీ వాడి చెప్పింది. తెల్లవారుజామున చల్లటి పూలబుట్ట మూత తీసినట్టుందనీ, అడుగున ఎవరో వెచ్చటి లవంగం మొగ్గ కొరికినట్టుందనీ, రెండూ కొట్టుకోకుండా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టుందనీ చెప్పింది. పెద్దక్క కళ్ళు మూసుకుని వింది.

"వదినా, కమిటీవాళ్ళు వాసన చూడమంటే నేను పక్కనే ఉంటాను. మీ ఆకు వచ్చినప్పుడు చెవి పట్టుకుంటాను. మీరు నా చెయ్యి చూడండి, చాలు."

పెద్దక్క కత్తెర తుడిచి పక్కన పెట్టింది.

కమిటీ వచ్చింది. పెద్దగదిలో బల్లకి అటువైపు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, కళ్ళజోడుని తాడుతో మెడలో వేలాడేసుకున్న సన్నటి మనిషి. లవంగం మొక్క మాట చెప్పి, గీతలు చూపించి, పూసల దండ సంగతి వివరించేసరికి పుడకకి చెమటలు పట్టాయి. కానీ వాళ్ళు వింటున్న తీరు చూస్తే ఉత్సాహం ఆగలేదు. ఒకాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇంకొకావిడ మరిగించిన ట్యూబు గీతని రెండుసార్లు అడిగి చూసింది. విత్తనం కలిసిపోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

"చాలా బాగుంది," అన్నాడు అధ్యక్షుడు. "ఇంక ఒకటే మిగిలింది. ఏ రకానికైనా దాన్ని తీసినవాళ్ళ ముక్కే మొదటి సాక్షి." ఆయన సంచిలోంచి నాలుగు కాగితం పొట్లాలు తీసి వరసగా పెట్టి, ఒక్కొక్కటీ విప్పాడు. నాలుగిట్లోనూ నలిపిన ఆకులు, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. "మీ పూలరెక్క ఏదో చెప్పండమ్మా. మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు కదా."

గదిలో వాసనలన్నీ కలగాపులగం అయిపోయాయి. పుడక ఎంత పీల్చినా ఏది ఎందులోంచి వస్తోందో అందలేదు. దగ్గరికి వెళ్ళాలి. కుర్చీ సర్దే వంకతో ఒక అడుగు వేసింది.

పెద్దక్క ఆమె వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. మొదటి పొట్లం చేతిలోకి తీసుకుంది. ముక్కు దాకా తెచ్చింది. అక్కడే ఆగింది. తర్వాత పొట్లాన్ని బల్ల మీద పెట్టేసింది.

"నేను చెప్పలేను," అంది. "నాకు వాసన తెలియదు. పోయిన చలికాలం జ్వరం వచ్చినప్పటి నుంచీ. మొక్క నాది, కష్టం నాది, అందులో అబద్ధం లేదు. కానీ ఈ నాలుగిట్లో నాదేదో చెబితే మాత్రం అది అబద్ధమే అవుతుంది."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మంచి పని చేశారమ్మా. ఈ నాలుగిట్లోనూ మీ ఆకు లేదు. మీరు ఏది చూపించినా కథ అక్కడితో అయిపోయేది."

"లేదా? మరి ఎందుకు...?"

"మీకు వాసన తెలియదని మాకు ముందే తెలుసు కాబట్టి. పోయినవారం ఫోన్ వచ్చింది. ఒకావిడ మాట్లాడారు. పేరు అడిగితే పెట్టేశారు. నంబరు మాత్రం మీ ఇంటిదే."

పెద్దక్క మెల్లగా తల తిప్పింది. ఇందాక ఆకుల వాసన వింటూ మెత్తబడిన ఆ కళ్ళు ఇప్పుడు పుడక మొహం మీద గుచ్చుకుని నిలిచాయి.

"నీకు ఇవాళే తెలిసినట్టు మాట్లాడావు కదమ్మాయ్?"